వెంట వచ్చేవి, రానివి: బ్రౌజర్లు, ప్రొఫైళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు. అందులో విండోస్ 7 నడుస్తోంది. క్రోమ్ తెరిచినప్పుడల్లా ఇకపై అప్‌డేట్లు రావన్న సందేశం కనబడుతోంది, కొన్ని సైట్లయితే సరిగా తెరుచుకోవడమే లేదు. తెలిసినవారు ఫైర్‌ఫాక్స్‌కు మారమంటున్నారు. నేను, నా భార్య, ఇంటర్ చదివే మా అబ్బాయి ముగ్గురమూ ఆ ఒక్క క్రోమ్‌నే వాడుతున్నాం. ఏళ్ల తరబడి దాచుకున్న బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోతాయేమోనని వెనకాడుతున్నాం. ఏం చేయాలి?
– ప్రైవేటు ఉద్యోగి, హనుమకొండ

జవాబు: విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2020 జనవరి 14తోనే సాధారణ మద్దతు ఆపేసింది. గూగుల్ మరో మూడేళ్లు నెట్టుకొచ్చి, 2023 జనవరిలో విడుదలైన క్రోమ్ 109తో చాలించుకుంది. ఆ తర్వాతి క్రోమ్‌లకు కనీసం విండోస్ 10 ఉండాలి. ఎడ్జ్‌కు మారదామంటే అదీ ఈ విండోస్‌పై 109 దగ్గరే ఆగిపోయింది. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా పేర్లు వేరైనా లోపల నడిచేది క్రోమియం అనే ఒకే మూల సాఫ్ట్‌వేర్ కనుక, వాటిలో ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లినా మీ ఇబ్బంది తీరదు. ఫైర్‌ఫాక్స్ సంగతి వేరు. 2023 జులైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాలిక వెర్షనుకు విండోస్ 7 వాడేవారి కోసం మొజిల్లా భద్రతా సవరణలు పంపుతూ, గడువును పలుమార్లు పొడిగించింది. కాబట్టి మీకు సలహా ఇచ్చినవారు సరిగానే చెప్పారు. అయితే ఇది కొత్త కంప్యూటరు కొనేదాకా గడుపుకోవడానికే తప్ప శాశ్వత పరిష్కారం కాదు. బ్యాంకు పనులను మాత్రం వీలైతే ఇప్పటినుంచే ఫోనుకు మార్చుకోండి.

ఇక మీ భయం సంగతి. ఫైర్‌ఫాక్స్‌ను ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన క్రోమ్‌లోని సమాచారం చెరిగిపోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ముందు క్రోమ్‌లోని బుక్‌మార్క్ మేనేజరు తెరిచి, అక్కడి మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే బుక్‌మార్కులన్నీ ఒక హెచ్‌టీఎమ్ఎల్ ఫైలుగా దిగుతాయి. దానిని ఏ బ్రౌజరైనా చదువుకోగలదు కనుక పెన్‌డ్రైవులో ఒక కాపీ ఉంచుకోండి. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్‌లో ఉండే ఇంపోర్ట్ సదుపాయంతో బుక్‌మార్కులు, హిస్టరీ, పాస్‌వర్డులు క్రోమ్ నుంచి నేరుగా తెచ్చుకోవచ్చు.

వెంట రానిది ఒకటుంది. చాలామంది దాన్ని ముందుగా ఆలోచించరు. జీమెయిల్, స్కాలర్‌షిప్ సైటు, రైల్వే టికెట్ల సైటు వంటివాటిలో మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న స్థితి కొత్త బ్రౌజరులోకి రాదు. అది కుకీలలో, అంటే సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజరులో దాచుకునే చిన్న సమాచారంలో ఉంటుంది, ఇంపోర్టు వాటిని తీసుకురాదు. అంటే ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్ కావాలి, చాలా సైట్లు అప్పుడు ఓటీపీ అడుగుతాయి. ఆ ఓటీపీ మీరు ఎప్పుడో వదిలేసిన పాత సిమ్ నంబరుకు వెళితే మీ ఖాతా మీకే తెరుచుకోదు. పాత క్రోమ్‌లో ఖాతాలన్నీ తెరిచి ఉన్న ఈ సమయంలోనే ఒక్కొక్కదానిలో మొబైల్ నంబరు, రికవరీ మెయిలు సరిచూసుకోండి. ఇంటర్ విద్యార్థి ఉన్న ఇల్లు కనుక ఈఏపీసెట్‌కు, కౌన్సెలింగ్‌కు ఇచ్చిన మెయిలును మొట్టమొదట చూడండి. ఈ పని పూర్తయ్యేవరకు క్రోమ్‌ను తీసివేయవద్దు, అందులో సైన్ అవుట్ కూడా కావద్దు.

ప్రొఫైలు అంటే ఒకే బ్రౌజరులో ఒక్కొక్కరి బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, లాగిన్లను విడిగా ఉంచే అర. ముగ్గురికీ మూడు ప్రొఫైళ్లు చేసుకోవడానికి ఇదే అదను. ఫైర్‌ఫాక్స్ అడ్రసు పట్టీలో ఇంగ్లిష్ అక్షరాలతో ఎబౌట్ అని, వెంటనే కోలన్ గుర్తు, ఆ వెంటే ప్రొఫైల్స్ అని ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కితే ప్రొఫైళ్ల పేజీ వస్తుంది. కొత్త ప్రొఫైలు చేసే మీట అక్కడే ఉంటుంది. 2025లో విడుదలైన ఫైర్‌ఫాక్స్‌ల నుంచి ఈ ఏర్పాటును మెనూలోకి తెచ్చారు గానీ మీరు వాడబోయే 115లో అది ఉండదు. డెస్క్‌టాప్ మీది ఫైర్‌ఫాక్స్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ వరుస చివర ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత, దాని పక్కనే ఇంగ్లిష్ పెద్ద అక్షరం పీ చేర్చితే, బ్రౌజరు తెరుచుకునే ముందు ఏ ప్రొఫైలు కావాలో అడిగే చిన్న పెట్టె వస్తుంది.

క్రోమ్‌లో ముగ్గురివీ కలిసిపోయిన పాస్‌వర్డులను మూడు ప్రొఫైళ్లలోకీ ఇంపోర్ట్ చేస్తే పాత గజిబిజి మూడింతలవుతుంది. అన్నిటినీ మీ ఒక్కరి ప్రొఫైలులోకి తెచ్చుకుని, మిగిలిన ఇద్దరినీ ఖాళీ ప్రొఫైలుతో మొదలుపెట్టనివ్వండి. వారి బుక్‌మార్కులు హెచ్‌టీఎమ్ఎల్ ఫైలు నుంచి తీసుకోవచ్చు, పాస్‌వర్డులు లాగిన్ అయినప్పుడల్లా ఒక్కొక్కటే దాచుకోవచ్చు.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. బడి పనికి ఒక గూగుల్ ఖాతా, సొంతానికి ఒక ఖాతా ఉన్నాయి. రెండింటినీ క్రోమ్‌లో ఒకేచోట కలిపి పెట్టుకున్నాను. పై అధికారులు పంపిన గూగుల్ ఫారం తెరిస్తే "మీకు అనుమతి లేదు" అని వస్తుంది. ఒకసారి పిల్లల మార్కుల షీటు నా సొంత ఖాతాలో తయారైంది. బ్రౌజరు మార్చితే ఇది పోతుందా?
– ఉపాధ్యాయురాలు, పరకాల

జవాబు: బ్రౌజరు మార్చనవసరం లేదు. ఒకే ప్రొఫైలులో రెండు గూగుల్ ఖాతాలు ఉన్నప్పుడు మొదట సైన్ ఇన్ అయిన ఖాతానే గూగుల్ ప్రధాన ఖాతాగా భావిస్తుంది. లింకు నొక్కినప్పుడు ఫారాలు, షీట్లు చాలావరకు దాని పేరుమీదే తెరుచుకుంటాయి. మీ ప్రధాన ఖాతా సొంత జీమెయిల్ అయినట్టుంది. బడి ఖాతాకు మాత్రమే అనుమతి ఉన్న ఫారం దానికి తెరుచుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. పైన కుడివైపు గుండ్రని బొమ్మ నొక్కి ఖాతా మార్చుకోవచ్చు గానీ, రోజూ అన్నిసార్లు ఎవరు గుర్తుంచుకుంటారు?

క్రోమ్ కిటికీ పైన కుడి మూలన, మూడు చుక్కలకు పక్కనే ఉండే బొమ్మను నొక్కి కొత్త ప్రొఫైలు చేర్చండి. గూగుల్ పేజీలలో లోపల కనబడే ఖాతా బొమ్మ, బ్రౌజరుదైన ఈ బొమ్మ ఒకటి కావు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కొత్త ప్రొఫైలుకు "బడి" అని పేరు పెట్టి, పాతదానికి పూర్తి భిన్నమైన ముదురు రంగు ఎంచుకోండి. అందులో బడి ఖాతాతో మాత్రమే సైన్ ఇన్ అయి, పాత ప్రొఫైలులోకి వెళ్లి బడి ఖాతాను అక్కడినుంచి తొలగించండి. ఈ రెండో సగం చేయకుండా వదిలేస్తే పాత చిక్కు అలాగే ఉంటుంది. రెండు ప్రొఫైళ్లకూ విడివిడి షార్ట్‌కట్లు చేసి టాస్క్‌బారుకు పిన్ చేసుకుంటే ఏది కావాలంటే అది ఒక్క నొక్కుతో తెరవవచ్చు.

కంప్యూటరులో తెరిచిన వాట్సాప్ యాప్ నుంచో, పీడీఎఫ్ నుంచో లింకు నొక్కితే అది మీరు చివరగా వాడిన ప్రొఫైలు కిటికీలోకి వెళుతుంది, లింకు బడిదా ఇంటిదా అన్నది క్రోమ్‌కు తెలియదు. బడి లింకు నొక్కేముందు బడి రంగు కిటికీని ఒకసారి ముందుకు తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి, లేదా లింకును కాపీ చేసి ఆ కిటికీలో అతికించండి.

ప్రధానోపాధ్యాయుల లాగిన్, మీ లాగిన్ ఒకే పోర్టల్‌లో ఒకేసారి తెరిచి ఉంచవలసి వచ్చినప్పుడు కూడా ఇదే ఉపాయం పనిచేస్తుంది. ఒకే ప్రొఫైలులో రెండో లాగిన్ చేయగానే మొదటిది సాధారణంగా తెగిపోతుంది, ఎందుకంటే ఇద్దరి గుర్తింపునూ మోసే కుకీ ఒకటే. ప్రొఫైలు మారితే కుకీల అర కూడా మారుతుంది. ఫైర్‌ఫాక్స్ వాడేవారికి మొజిల్లావారిదే మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ఉంది. అందులో ఒకే కిటికీలో రంగురంగుల ట్యాబులు వేర్వేరు లాగిన్లతో తెరుచుకుంటాయి. బుక్‌మార్కులు, హిస్టరీ, దాచిన పాస్‌వర్డులు మాత్రం అన్నిటికీ ఉమ్మడిగానే ఉంటాయి. బడినీ ఇంటినీ పూర్తిగా వేరుచేయాలన్న మీ అవసరానికి ప్రొఫైలే తగినది.

ప్రశ్న: రైల్వే స్టేషను దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ సెంటరు నడుపుతున్నాను. ఉద్యోగాల దరఖాస్తులు, హాల్‌టికెట్లు, కౌన్సెలింగ్, ఆధార్ ప్రింట్ల కోసం వచ్చేవారు తమ జీమెయిల్ తెరిచి అలాగే వదిలేసి వెళుతున్నారు. తర్వాత వచ్చినవారికి వారి మెయిళ్లు కనబడుతున్నాయి. తరచూ వచ్చేవారికి తలా ఒక ప్రొఫైలు చేసి పెట్టాను, ఇప్పుడు ఆ జాబితా చాంతాడంత అయింది. ఇది సరైన పద్ధతేనా?
– ఇంటర్నెట్ సెంటరు యజమాని, కాజీపేట

జవాబు: కాదు, వెంటనే మానుకోండి. గిరాకీకి ప్రొఫైలు చేసి పెట్టడమంటే వారి మెయిలు, హిస్టరీ, ఒక్కోసారి సింక్ (ఒకే ఖాతా సమాచారాన్ని అన్ని పరికరాల్లోనూ ఒకేలా ఉంచే ఏర్పాటు) ద్వారా వారి ఫోనులోని పాస్‌వర్డులతో సహా మీ దుకాణంలో నిల్వ ఉంచుకోవడమే. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రేపు ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోతే మొదట అడిగేది మిమ్మల్నే. వ్యక్తిగత డేటా రక్షణకు పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమే చేసింది. ఇతరుల సమాచారాన్ని అవసరానికి మించి దగ్గర పెట్టుకోకపోవడమే మీకు క్షేమం.

మీకు కావలసింది రెండే. ఒకటి దుకాణం సొంత పనికి ఒక ప్రొఫైలు. మీరు వాడే పోర్టళ్ల బుక్‌మార్కులు, వాటికి అవసరమైన ఎక్స్‌టెన్షన్లు అందులోనే ఉంటాయి. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెను వంటివాటి డ్రైవర్లు విండోస్‌లో ఉంటాయి కనుక అదనపు ప్రొఫైళ్లు తీసేసినా వాటికేమీ కాదు. ఈ ప్రొఫైలులో పాస్‌వర్డులు దాచమంటారా అని అడిగే సెట్టింగును ఆపేయండి. పనివాళ్లు కూడా కూర్చునే కంప్యూటరు కదా.

రెండోది గిరాకీల కోసం గెస్ట్ కిటికీ. ప్రొఫైలు బొమ్మ నొక్కితే వచ్చే జాబితాలో గెస్ట్ అనేది ఉంటుంది. అందులో మీ బుక్‌మార్కులు, హిస్టరీ కనబడవు, మూసేయగానే వచ్చినవారి లాగిన్లు, కుకీలు చెరిగిపోతాయి. ప్రతిసారీ వెతకనవసరం లేకుండా క్రోమ్ షార్ట్‌కట్‌ను ఇంకొకటి కాపీ చేసి, దాని టార్గెట్ వరుస చివర ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, వాటిని ఆనుకుని గెస్ట్ అనే మాట ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో చేర్చండి. ఆ షార్ట్‌కట్ నేరుగా గెస్ట్ కిటికీనే తెరుస్తుంది. డెస్క్‌టాప్ మీద గిరాకీలకు కనబడేది అదొక్కటే అయితే ఇంకా మేలు.

ఇన్‌కాగ్నిటో, అంటే హిస్టరీ మిగల్చని కిటికీ, చాలదా అని కొందరు సెంటరువాళ్లు అడుగుతుంటారు. చాలదు. ఇన్‌కాగ్నిటో కిటికీలు ఎన్ని తెరిచినా వాటన్నిటికీ కుకీలు ఉమ్మడే. ఒక్క కిటికీ ఎక్కడో మూలన మూయకుండా మిగిలి ఉన్నా ముందువారి మెయిలు తర్వాతివారికి తెరుచుకుంటుంది. పైగా అందులో మీ దుకాణం బుక్‌మార్కులు కూడా కనబడతాయి. గెస్ట్ కిటికీలనైనా మనిషి లేవగానే అన్నిటినీ మూసేయాలన్నది నియమంగా పెట్టుకోండి.

గెస్ట్ కిటికీ చెరపనిది డౌన్‌లోడ్స్ ఫోల్డరు. సెంటర్లలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఫొటోలు, సంతకాల స్కానింగులు అన్నీ కుప్పగా పడి ఉంటాయి. ఎవరైనా ఆ ఫోల్డరు తెరిచి చూడవచ్చు. వాట్సాప్ వెబ్ ద్వారా ప్రింటుకు తెప్పించుకున్నవీ ఇందులోకే చేరతాయి. రాత్రి షట్టరు దించేముందు ఆ ఫోల్డరును, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయడం కౌంటరు లెక్క చూసుకున్నంత మామూలు పని కావాలి.

ఇప్పటికే చేసిపెట్టిన ప్రొఫైళ్లను ఒక్కొక్కటిగా డిలీట్ చేయండి. అయితే ఎవరైనా తమ దరఖాస్తు నంబర్లో, డౌన్‌లోడ్ చేసిన పత్రాలో ఇక్కడే ఉన్నాయనుకుంటూ ఉండవచ్చు కనుక, తెలిసినవారికి ముందుగా ఒక మాట చెప్పండి. తమ ఖాతా మీ దగ్గర తెరిచే ఉండిపోయిందని అనుమానమున్నవారు ఫోనులో గూగుల్ ఖాతా భద్రత విభాగంలోకి వెళ్లి, తాము లాగిన్ అయిన పరికరాల జాబితా చూసి, మీ కంప్యూటరును అక్కడినుంచే సైన్ అవుట్ చేయవచ్చు. దానివల్ల మీ కంప్యూటరులోకి కొత్తగా మెయిళ్లు రావడం ఆగుతుంది గానీ అప్పటికే మీ డిస్కులో చేరినవి మీరు ప్రొఫైలు తీసేసినప్పుడే పోతాయి.

ప్రశ్న: అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. షావుకారు కొత్త కంప్యూటరు కొన్నారు. పాతదానిలోని క్రోమ్ యూజర్ డేటా ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవుతో కాపీ చేశాను. బుక్‌మార్కులు వచ్చాయి, జీఎస్టీ లాగిన్ల పాస్‌వర్డులు ఒక్కటీ రాలేదు. ఫోల్డరు పాడైందా?
– గుమాస్తా, ఎనుమాముల, వరంగల్

జవాబు: ఫోల్డరు పాడవలేదు. క్రోమ్ పాస్‌వర్డులను గుప్తపరచి దాస్తుంది. వాటిని విప్పే కీ ఆ పాత కంప్యూటరులోని మీ విండోస్ ఖాతాకు ముడిపడి ఉంటుంది. ఫోల్డరు దొంగిలించినవాడికి పాస్‌వర్డులు దొరకకూడదన్నదే అందులోని ఆలోచన. పాత కంప్యూటరును అమ్మకముందే దానిలోంచి పాస్‌వర్డులను సీఎస్‌వీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదానిలో ఇంపోర్ట్ చేసుకోండి. సీఎస్‌వీ అంటే ఎక్సెల్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో తెరిస్తే పాస్‌వర్డులన్నీ బాహాటంగా కనబడే ఫైలు. పని కాగానే దానిని రెండు కంప్యూటర్లలోనూ, పెన్‌డ్రైవులోనూ తుడిచేయండి. వాట్సాప్‌లో మాత్రం పంపుకోవద్దు. ఫైర్‌ఫాక్స్ అయి ఉంటే ప్రొఫైలు ఫోల్డరు కాపీ చేసినా పాస్‌వర్డులు వచ్చేవి, ఎందుకంటే దాని కీ ఆ ఫోల్డరులోనే ఒక ఫైలుగా ఉంటుంది. అదే కారణంగా ఫైర్‌ఫాక్స్ వాడేవారు దాచిన పాస్‌వర్డులన్నిటికీ తాళంలా పనిచేసే ప్రైమరీ పాస్‌వర్డు పెట్టుకోవడం అవసరం.

సింక్ పెట్టుకుంటే ఈ శ్రమ ఉండదు కదా అనుకోవచ్చు. పెట్టుకోండి, కానీ మీ సొంత జీమెయిల్‌తో కాదు. షావుకారు అధీనంలో ఉండే దుకాణం ఖాతాతో పెట్టండి. గుమాస్తా సొంత ఖాతాలో యజమాని జీఎస్టీ, బ్యాంకు పాస్‌వర్డులు చేరితే, కొలువు మారిననాడు ఇద్దరికీ ఇబ్బందే. ఒక్కో ఫర్ముకు ఒక్కో ప్రొఫైలు చేయాలన్న ఆలోచన ఉంటే అంత అవసరం లేదు. ఒకే సైటుకు ఎన్ని యూజర్ పేర్లున్నా క్రోమ్ అన్నీ గుర్తుంచుకుని ఎంచుకోమంటుంది. రెండు ఫర్ముల లాగిన్లు ఒకేసారి తెరవవలసి వస్తేనే రెండో ప్రొఫైలు కావాలి.

ప్రశ్న: హాస్టల్ గదిలో నా ల్యాప్‌టాప్‌ను స్నేహితులూ వాడతారు. వారికోసం వేరే ప్రొఫైలు పెడితే నాది చూడలేరు కదా?
– డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: చూడగలరు. ప్రొఫైళ్లు ఒక ఇంట్లోని గదుల్లాంటివి, తలుపులున్నాయి గానీ గొళ్లాలు లేవు. బొమ్మ నొక్కి మీ ప్రొఫైలులోకి ఎవరైనా వెళ్లవచ్చు. దాచిన పాస్‌వర్డు అక్షరాలను చూపమంటే క్రోమ్ విండోస్ పిన్ అడుగుతుంది నిజమే. కానీ లాగిన్ అయి ఉన్న సైట్లలోకి వెళ్లడానికి పాస్‌వర్డు చూడనవసరమే లేదు కదా! స్నేహితులకు విండోస్‌లోనే వేరే యూజర్ ఖాతా చేసి ఇవ్వండి, మీ ఖాతాకు పిన్ పెట్టండి. లేచి వెళ్లేటప్పుడు విండోస్ మీటతో పాటు ఎల్ నొక్కితే తెరకు తాళం పడుతుంది.

ప్రశ్న: నేను సింగరేణిలో పదవీ విరమణ చేసిన ఉద్యోగిని. కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ మొరాయిస్తుంటే మా మనవడు దానిని తీసేసి మళ్లీ వేశాడు. ఇప్పుడు తెరిస్తే అంతా కొత్తగా, ఖాళీగా ఉంది. పెన్షన్ పత్రాల లింకులు, పాస్‌వర్డులు ఏవీ లేవు. తిరిగి వచ్చే మార్గం ఉందా?
– విశ్రాంత ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: చాలావరకు ఉంది, పిల్లవాడిని కోప్పడకండి. ఫైర్‌ఫాక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ప్రొఫైలు ఫోల్డరు మామూలుగా పోదు. 2019లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 నుంచి, వేర్వేరుగా ఇన్‌స్టాల్ చేసిన ఒక్కొక్క ఫైర్‌ఫాక్స్‌కు ఒక్కొక్క ప్రొఫైలు కేటాయించే పద్ధతి వచ్చింది. మళ్లీ వేసినప్పుడు అది వేరే చోట పడినా, వేరే రకం వెర్షను అయినా కొత్త ఖాళీ ప్రొఫైలు తెరుచుకుంటుంది, పాతది పక్కన పడి ఉంటుంది. పైన హనుమకొండ పాఠకునికి చెప్పిన ప్రొఫైళ్ల పేజీని మీరూ తెరవండి. ఒకటికంటే ఎక్కువ ప్రొఫైళ్లు కనబడితే, ఇప్పుడు వాడుతున్నది కాని దాని కింద ఉన్న లాంచ్ మీట నొక్కి మీ లింకులు ఉన్నాయేమో చూడండి. ఉంటే దానినే డిఫాల్టుగా పెట్టమనే మీట కూడా అక్కడే ఉంది. ఆ పేజీలో రిమూవ్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లవద్దు. తప్పి నొక్కినా, ఫైళ్లు కూడా తీసేయాలా, ఉంచాలా అని అది అడుగుతుంది, ఉంచమనే చెప్పండి.

మనవడు ఫైర్‌ఫాక్స్‌ను మళ్లీ కొత్తదానిలా చేసే రిఫ్రెష్ అనే మీట నొక్కి ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కొత్త ప్రొఫైలులోకి వచ్చి ఉండాలి, ఎక్స్‌టెన్షన్లు, మీరు మార్చుకున్న సెట్టింగులు మాత్రం పోతాయి. పాత సమాచారమంతా డెస్క్‌టాప్ మీద "ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా" అనే ఫోల్డరుగా మిగులుతుంది. అలాంటిది కనబడితే అక్కరలేని చెత్త అనుకుని తీసేయకుండా, అన్నీ దొరికాయని తేలేదాకా అక్కడే ఉంచమని మనవడికి చెప్పండి.